న్యూ ఆర్లీన్స్ గోడ, మా అమ్మ మట్టిగోడ

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను హ్యూస్టన్ లో ఉంటాను, సొంతూరు దివిసీమలో నాగాయలంక దగ్గర, పొద్దున్నే ఫోన్ లో మీ పేపర్ జిల్లా పేజీ చూడకపోతే నాకు తోచదు. ఎప్పుడూ ఉత్తరం రాసింది లేదు, ఇదే మొదలు, పెద్దదైతే మీరే కత్తిరించుకోండి.

మార్చిలో పిల్లలకి స్ప్రింగ్ బ్రేక్ ఇచ్చారు, మా ఆవిడకి డ్యూటీ ఉంది, సరే అని నేనూ మా పాపా ఇద్దరమే కారేసుకుని న్యూ ఆర్లీన్స్ బయల్దేరాం. పాపకి తొమ్మిదేళ్ళు. దగ్గర దగ్గర 350 మైళ్ళు, ఐ-10 ఎక్కితే ఇంక ఎక్కడా తిరగక్కర్లేదు. లూసియానాలో అచ్చాఫలయా అని పెద్ద చిత్తడి అడవి ఉంది, దాని మీద 18 మైళ్ళ బ్రిడ్జి, ఎంతసేపు పోయినా కింద నీళ్ళు, నీళ్ళలో చెట్లు, "మనం కార్లో ఉన్నామా పడవలో ఉన్నామా నాన్నా" అంటుంది మా పాప. నాకేమో మన మడ అడవులే కళ్ళ ముందు.

బయల్దేరే ముందు ఫ్రెండ్స్ అందరూ భయపెట్టారు, ఆడపిల్లనేసుకుని ఆ తాగుబోతుల ఊరికా అని. బార్లుండే బర్బన్ స్ట్రీట్ కి రాత్రిపూట పిల్లల్ని తీసుకెళ్ళకూడదు, నిజమే, కానీ రెండు వీధులు పక్కకి జరిగితే ఊరు ఊరంతా వేరే. కెఫే డు మాండ్ అని 1862 నుంచి ఉన్న కాఫీ హోటల్, అక్కడ ఒక గుక్క తాగగానే తెలిసిపోయింది ఇది మన ఫిల్టర్ కాఫీకి చుట్టమని, చికోరీ కలుపుతారు వాళ్ళు కూడా. దాంతోపాటు బెన్యే అని, మైదా పిండి పలకలుగా కోసి నూనెలో వేయించి పైన పంచదార పొడి గుమ్మరించి ఇస్తారు, మా పాప నోటి దగ్గర పెట్టుకుని తుమ్మింది, పక్క టేబుల్ పెద్దాయన నల్ల ప్యాంటు కాస్తా తెల్లగా అయిపోయింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు కాబట్టి సరిపోయింది.

సెయింట్ చార్లెస్ ట్రామ్ ఎక్కాం, 1835 నుంచి నడుస్తున్న లైన్, టికెట్ డాలరుంపావు. దారి పొడుగునా చెట్ల కొమ్మలకి, కరెంటు తీగలకి మార్డి గ్రా పండగలో విసిరిన పూసల దండలు ఇంకా వేలాడుతూనే ఉంటాయి, మా పాప లెక్కపెట్టడం మొదలుపెట్టి నూట పన్నెండు దగ్గర విసుగొచ్చి ఆపేసింది. సాయంత్రం ఒక పెళ్ళి ఊరేగింపు ఎదురైంది, ముందు బాకాలు, డ్రమ్ములు, వెనకాల గొడుగులు తిప్పుతూ రుమాళ్ళు ఊపుతూ జనం, మా పాప నా చెయ్యి వదిలించుకుని వాళ్ళ వెనక చేరి నా కర్చీఫ్ ఊపుకుంటూ వీధి చివరి దాకా పోయింది. ఆ ఊళ్ళో చావుకి కూడా బ్యాండ్ తోనే సాగనంపుతారు. మనకి డప్పు ఉన్నట్టే.

ఇదంతా సరదా. నేను అసలు రాయాలనుకున్నది మర్నాటి సంగతి.

జాక్సన్ స్క్వేర్ లో చర్చి పక్కనే ప్రెస్బిటేర్ అని మ్యూజియం ఉంది, అందులో కత్రినా తుఫాను గురించి పెట్టారు. 2005 ఆగస్టు 29, గట్లు తెగి 80 శాతం ఊరు మునిగిపోయింది. ఫ్యాట్స్ డామినో అని వాళ్ళ పెద్ద గాయకుడు, ఆయన పియానో వరదలో పాడైపోయింది, దాన్ని అలాగే తెచ్చి పెట్టారు. ఇంకో చోట ఒక మామూలు మనిషి, ఊళ్ళోనే చిక్కుకుపోయి రోజూ ఏం జరిగిందో తన ఇంటి గోడ మీద మార్కర్ తో రాసుకున్నాడు, స్పెల్లింగులు కూడా సరిగా లేవు, ఆ రాతల్ని తెచ్చి భద్రంగా పెట్టారు. మా పాప దాని ముందు నుంచి ఎంతకీ కదల్లేదు. ప్రతి లైనూ పైకి చదివింది.

ఆ రాత్రి హోటల్ నుంచి మా అమ్మకి వీడియో కాల్ చేశాం, అక్కడ పొద్దున ఏడున్నర, వంటింట్లో ఉంది. 1977 నవంబర్ 19 న ఉప్పెన వచ్చినప్పుడు మా అమ్మకీ సరిగ్గా తొమ్మిదేళ్ళే. ఆ మాట నేను అనగానే మా పాప అడిగేసింది, "నాయనమ్మా, మరి నువ్వు కూడా గోడ మీద రాశావా?"

"గోడెక్కడిదే అమ్మలూ, మాది మట్టిగోడ, ముందు పోయింది అదే" అంది మా అమ్మ.

తర్వాత తనే చెప్పుకుంటూ పోయింది, తాతయ్య పంచెతో తనని తుమ్మచెట్టుకి కట్టేశాడని, తెల్లారేసరికి ఒళ్ళంతా ముళ్ళేనని, బావులన్నీ ఉప్పగా అయిపోతే పడిపోయిన కొబ్బరిచెట్ల కాయలు కొట్టుకుని ఆ నీళ్ళే తాగారని, మూడు రోజులు తడవని అగ్గిపెట్టె ఒక్కటి దొరకలేదని. నాకు ముప్పై ఏడేళ్ళు సార్, ఇందులో సగం నేను ఎప్పుడూ వినలేదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

దాదాపు పది వేల మంది పోయిన ఉప్పెన అది. ప్రతి ఏడూ నవంబర్ 19 న దండలు వేశారు, నివాళులు అర్పించారు అని మీ పేపర్లో చిన్న వార్త వస్తుంది, నేను చదువుతాను, పేజీ తిప్పేస్తాను. 2027 కి యాభై ఏళ్ళు నిండుతాయి. అప్పుడు నలభైలో ఉన్నవాళ్ళు ఇప్పుడు తొంభైకి దగ్గర పడ్డారు, ఇంకో రెండేళ్ళు ఆగుదాం అంటే ఎవరుంటారు చెప్పండి. పెద్ద మ్యూజియం అడగట్లేదు, అవనిగడ్డలో ఒక గది చాలు, ఆ రోజుల పేపర్ల ఫోటోలు, సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళ ముసలాళ్ళ గొంతులు, నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద ఒక గీత. దానికి మీ పేపర్ ముందుకి రావాలి, మీ విలేకర్లు ఆ ఊళ్ళన్నీ ఎరుగుదురు, వారానికి ఒక మనిషి మాట వేసినా 2027 నాటికి బోలెడు పోగవుతుంది.

మా అమ్మ మాటలు నేను ఆ రాత్రే ఫోన్ లో రికార్డు చేశాను, 22 నిమిషాలు ఉంది, అడిగితే పంపిస్తాను. మధ్యలో మూడుసార్లు కుక్కర్ విజిల్ వినిపిస్తుంది, ఏమనుకోకండి.

ఇట్లు
మీ పాఠకుడు, హ్యూస్టన్