వార్షిక నివేదిక: గుమ్మం దగ్గరి మ్యాట్, మిగతా పనులు

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో పది పనులకి పది పేరాలు రాయడం మనకు అలవాటు. ఈసారి అలా కుదరలేదు. కార్యవర్గం సమయంలో సగానికి పైగా ఒకే పని తినేసింది. అది హాలు గుమ్మం దగ్గర పరిచే మ్యాట్. "మ్యాట్ కోసం ఏడాదా?" అని నవ్వినవాళ్ళున్నారు. మొదట్లో మేమూ నవ్వుకున్నాం.

ముందు మిగతావి చెప్పేస్తాను. పైకప్పు కారే చోట మరమ్మతు పూర్తయింది. మంటలార్పే సిలిండర్ల తనిఖీ జరిగింది. పుస్తకాల బీరువాల జాబితా సగంలో ఆగింది, అందుకు బాధ్యత నాదే. ఆదాయ వ్యయాల పట్టిక కోశాధికారి విడిగా పంపారు కాబట్టి ఇక్కడ మళ్ళీ రాయడం లేదు.

ఇక మ్యాట్ సంగతి. పాతది మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. 120 సెంటీమీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవు, అడుగున రబ్బరు, పైన గరుకు నూగు. అలాంటి మ్యాట్ చదరపు మీటరుకి 3 నుంచి 4 కిలోలు తూగుతుంది. అంటే పొడిగా ఉన్నప్పుడే 11 నుంచి 14 కిలోలు. వాన నీళ్ళు తాగాక ఎంతో మోసినవాళ్ళకే తెలుసు. కార్యక్రమం ఉన్న రోజు పరచడం, అయిపోగానే చుట్టి మెట్ల కింది అరలోకి తోసెయ్యడం మన పద్ధతి. తడిది తడిగానే చుట్టడంతో ముక్కిపోయిన వాసన పట్టుకుంది. ఎప్పుడూ నూగు లోపలికి పెట్టే చుట్టడంతో అంచులు పైకి లేచాయి. నూగు బయటికి వచ్చేలా చుట్టి ఉంటే పరిచినప్పుడు అంచులు నేలకి వంగేవి. ఈ చిన్న విషయం ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు. చివరికి ఒక సభ్యురాలు ఆ అంచు తట్టుకుని పడి చెయ్యి బెణికించుకున్నాక కార్యవర్గం కదిలింది.

పొట్టి మ్యాట్ కొని ఊరుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. మనిషి అడుగు సుమారు 70, 75 సెంటీమీటర్లు. 3 మీటర్లుంటే నాలుగడుగులు పడతాయి, అంటే ఒక్కో పాదం రెండుసార్లు రుద్దుకుంటుంది. మీటరు మ్యాట్ మీద ఒక కాలు పడి రెండోది దాటిపోతుంది. ఆ రెండో కాలి బురదంతా హాల్లోనే. పర్యావరణ హిత భవనాలకు ఇచ్చే లీడ్ గుర్తింపులో కూడా గుమ్మం దగ్గర నడిచే దిశలో కనీసం 3 మీటర్ల మ్యాట్ ఉండాలని ఉంది. కాబట్టి పొడవు తగ్గించే ఆలోచన మొదట్లోనే పక్కన పెట్టేశాం. పొడవు తగ్గకూడదు, చుట్టకూడదు, ఒక్కరే మోయగలగాలి. అలా ముక్కలుగా విడదీసే మ్యాట్ దగ్గరికి వచ్చాం.

మొదట మార్కెట్లో దొరికే 30 సెంటీమీటర్ల చదరపు బిళ్ళలు తెచ్చాం. ఒకదానికొకటి కొక్కాలతో తగులుకునే రకం. పరచడం చూస్తే ముచ్చటేసింది. పిల్లలు సహా పదిమంది చేతులు వేశారు, చూస్తుండగానే అయిపోయింది. ఫొటోలు కూడా తీసుకున్నాం. ఆ రాత్రి వాన. అందరూ వెళ్ళిపోయాక హాలు శుభ్రం చేసే అక్క ఒక్కతే నేలమీద కూర్చుని వాటిని ఊడదీస్తూ కనిపించింది. నేను గొడుగు మరిచిపోయి వెనక్కి వెళ్ళాను కాబట్టి చూశాను, లేకపోతే ఈ నివేదికలో "ప్రయోగం విజయవంతమైంది" అని రాసేవాణ్ణేమో. పక్కన కూర్చుని నేనూ ఊడదీశాను. వెడల్పున నాలుగు, పొడవున పది, మొత్తం 40 బిళ్ళలు. వాటి మధ్య అతుకులు లెక్కపెడితే 66. ప్రతి కొక్కెం గూట్లోనూ ఇసుక దూరి బిగుసుకుపోయింది. గోళ్ళు విరిగాయి, నావి.

ఈ ఏడాది మేం నేర్చుకున్నదంతా ఆ రాత్రి నుంచే వచ్చింది. పరిచేటప్పుడు పదిమంది ఉంటారు, తీసేటప్పుడు ఒక్కరే. అప్పటిదాకా మా చర్చంతా పరచడం గురించే. ఆ తర్వాత ప్రతి నమూనానీ తీసే మనిషి వైపు నుంచి చూశాం. అలసిపోయి, చేతులు తడిగా, చీకట్లో ఒక్కరే.

అలా చూస్తే కొన్ని ఆలోచనలు వెంటనే పోయాయి. వెల్‌క్రో పట్టీల్లో దారప్పోగులూ వెంట్రుకలూ చేరితే అవి పట్టు వదిలేస్తాయి. అయస్కాంతాలు ఎక్కడెక్కడి పిన్నులనీ లాక్కుంటాయి. మెత్తటి ఫోమ్ బిళ్ళలు తేలిక, కానీ కుర్చీల బండి ఒక్కసారి వెళ్ళిందంటే చక్రాల గాడి అలాగే ఉండిపోతుంది. కొబ్బరి పీచు బురద గీకడంలో గట్టిదే గానీ నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, త్వరగా ఆరదు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ నీళ్ళు పీల్చదు కాబట్టి దాని దగ్గర ఆగాం.

తర్వాత ముక్క ఎంత ఉండాలన్న ప్రశ్న వచ్చింది. చిన్న బిళ్ళయితే సర్దుకోవడం సులువని మొదట అనుకున్నాం. కానీ చిన్నవయ్యే కొద్దీ అతుకులు పెరుగుతాయి, తీసే మనిషికి పని అతుకులతోనే. 60 సెంటీమీటర్ల చదరమైతే మొత్తం 10 ముక్కలు, అతుకులు 13. అరవై ఆరు నుంచి పదమూడుకి! ఒక్కో ముక్క రెండు కిలోలకు కాస్త తక్కువ, చంకలో పెట్టుకుని నడవచ్చు. ఒప్పుకోవలసిన విషయం ఒకటుంది. అన్నీ కలిపి తూస్తే కొత్త మ్యాట్ పాతదానికన్నా బరువే. అయినా ఇంతవరకూ ఎవరూ బరువని అనలేదు, ఎందుకంటే ఎవరూ మొత్తాన్ని ఒకేసారి ఎత్తరు.

అంచు ఆకారం మీద పడిన తంటా ఇంతా అంతా కాదు. బజారు బిళ్ళలకి రెండు అంచుల్లో బయటికి పొడుచుకొచ్చే నాలుకలు, రెండు అంచుల్లో అవి దూరే గాడులు ఉంటాయి. ఏది ఎటు తిప్పాలో ప్రతిసారీ చూసుకోవాలి. మన సభ్యుల్లో వడ్రంగం తెలిసిన పెద్దాయన కాగితం మడిచి కత్తిరించి ఒక ఉపాయం చూపించారు. ప్రతి అంచులోనూ ఎడమ నుంచి కుడికి నాలుక, గాడి, నాలుక, గాడి వరసగా పెట్టండి అన్నారు. ఎదురుగా వచ్చే ముక్క అటు తిరిగి ఉంటుంది కాబట్టి దాని నాలుక సరిగ్గా మన గాడిలోకి వస్తుంది. ఏ ముక్కనైనా ఎటు తిప్పినా అతుకుతుంది. ఆ కాగితం ముక్కలు ఇప్పటికీ నా ఫైల్లో ఉన్నాయి. గాడి అడుగు మూసి ఉంచకుండా కిందిదాకా కోయించాం, ఇసుక పడినా కిందికి జారిపోతుంది. ముక్కని పైకి ఎత్తితే చాలు, ఊడి వస్తుంది.

నాలుకకీ గాడికీ మధ్య ఎంత సందు ఉంచాలో మాత్రం దెబ్బ తిని తెలుసుకున్నాం. మొదటి నమూనా బిగుతుగా, అందంగా కుదిరింది. పొద్దున పరిచాం. మధ్యాహ్నానికి గుమ్మం బయట ఎండలో ఉన్న భాగం ఒంటె మూపురంలా లేచింది. పాలీప్రొపిలీన్ ఒక్కో డిగ్రీకీ తన పొడవులో పది లక్షలకు 100 నుంచి 150 వంతులు సాగుతుంది. 20 డిగ్రీలు వేడెక్కితే 60 సెంటీమీటర్ల ముక్క ఒక మిల్లీమీటరు దాటి పెరుగుతుంది. నల్ల ప్లాస్టిక్ ఎండలో అంతకన్నా ఎక్కువే వేడెక్కుతుంది. అర మిల్లీమీటరు సందు పెట్టి అందంగా ఉందని మురిసిపోయాం మరి. ఇప్పుడు 2 మిల్లీమీటర్లు ఉంది. చల్లటి పూట కాస్త లొడలొడలాడుతుంది. అది లోపం కాదు, కావాలని ఉంచిందే.

మందం 12 మిల్లీమీటర్లు. 6 మిల్లీమీటర్ల మందం ఉన్న చిల్లుల షీటు, పైన 3 మిల్లీమీటర్ల గరుకు పొర, అడుగున 3 మిల్లీమీటర్ల రబ్బరు బొత్తాలు. బొత్తాలు లేకపోతే నున్నటి నేలమీద మ్యాట్ మొత్తం జారిపోతుంది. పైగా అవి కింద గాలి ఆడనిస్తాయి. అంతకన్నా మందం ఎందుకు పెంచలేదంటే, చక్రాల కుర్చీలో వచ్చే సభ్యులున్నారు. మనకు ఆధారంగా అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం (ఏడీఏ) కింద వచ్చిన 2010 ప్రమాణాలు చూశాం. నిటారుగా ఉన్న ఎత్తు 6.4 మిల్లీమీటర్లు దాటకూడదు. అక్కణ్ణుంచి 13 మిల్లీమీటర్ల దాకా ఉంటే 1:2 (ఎత్తుకి రెండింతల పొడవు) కన్నా నిటారు కాని వాలు ఉండాలి. నేలలో చిల్లు 13 మిల్లీమీటర్లు మించకూడదు. మనకు 24 మిల్లీమీటర్ల వాలు సరిపోయేది, మేం 60 పెట్టాం. చక్రాల కుర్చీలో వచ్చే సభ్యుడే స్వయంగా నాలుగైదు వాలుల మీద ఎక్కి దిగి అది తేల్చారు.

ఆ వాలు అంచు విడిగా చేయిద్దామంటే చుట్టూ 14 ముక్కలు, నాలుగు మూలలు కావాలి. మ్యాట్ కన్నా అంచు ముక్కలే ఎక్కువ! ఇక్కడ కాస్త అదృష్టం కలిసొచ్చింది. వెడల్పున రెండే ముక్కలు కాబట్టి ప్రతి ముక్కకీ ఒక వైపు ఎలాగూ బయటి అంచే. ఆ ఒక్క వైపు వాలు కలిపేసి, మిగతా మూడు వైపులా నాలుకలూ గాడులూ ఉంచాం. ఎడమ వైపు ముక్కని సగం చుట్టు తిప్పితే కుడి వైపు ముక్క అవుతుంది. ముందూ వెనకా రెండు పొడుగాటి పట్టీలు. మొత్తం పన్నెండు, అంతే.

గుమ్మం బయటి నాలుగు ముక్కలకి బురద గీకే గట్టి గరుకు, లోపలి ఆరింటికి తడి తుడిచే నూగు పొర. ఆకారం ఒకటే కాబట్టి పొరపాటున కలిసిపోయినా ప్రమాదం లేదు, చూడ్డానికి బాగోదంతే.

ఇప్పుడు మా పెద్ద తప్పు. అచ్చు పోయించే స్తోమత లేక షీటు కోయించే చోటికి బొమ్మ పంపాం. పని రెండు విడతలుగా జరిగింది. రెండో విడత వచ్చాక చూస్తే ఆ ముక్కలు వాటిలో అవి చక్కగా అతుకుతున్నాయి, మొదటి విడత వాటితో మాత్రం ససేమిరా కలవవు. రెండు పార్టీలుగా చీలిపోయాయి. సాయంత్రమంతా టెన్షన్. చివరికి తేలిందేమిటంటే, రెండోసారి షీటుని బోర్లా పెట్టి కోశారు. మన అంచు అద్దంలో చూసినట్టు తిరగబడితే నాలుకకి నాలుకే ఎదురవుతుంది. కోసినవాళ్ళని అనడానికి లేదు, బొమ్మ మీద "ఇది పైవైపు" అని మేమే రాయలేదు. ఇప్పుడు రాశాం, ఎర్ర సిరాతో. వృథా అయిన ఐదు ముక్కలు పెరటి కుళాయి దగ్గర వేశాం. అక్కడ వాటిలో అవి స్నేహంగానే ఉన్నాయి.

దాచడం గురించి. పది ముక్కలు పేరిస్తే 12 సెంటీమీటర్ల ఎత్తు. కానీ తడివి పేర్చకండి. అరలో పళ్ళేల స్టాండు లాంటి చెక్క చట్రం చేయించాం, ముక్కలు నిలువుగా, మధ్యలో రెండు వేళ్ళ సందుతో నిలబడతాయి. నీళ్ళు కిందికి కారిపోతాయి, వాసన రాదు. ముక్కని బోర్లించి నేలకి రెండుసార్లు కొడితే ఇసుక చాలావరకు రాలిపోతుంది. తర్వాత చట్రంలో పెట్టాలి. తీసే క్రమం ఎప్పుడూ బయటి నుంచి లోపలికి. అలా తీస్తే ఊడ్చిన చోట మళ్ళీ బురద పడదు. ఈ క్రమం చెప్పింది కూడా అక్కే. మేం రాసింది దానికి తలకిందులుగా ఉండేది.

మిగిలిపోయినవి కొన్ని ఉన్నాయి. పక్క గుమ్మం వెడల్పు 180 సెంటీమీటర్లు. అక్కడ మధ్య వరసకి వాలు లేని ముక్క కావాలి, అంటే కొత్త రకం. ఒకే రకంతో నడుస్తున్న సుఖం పోతుంది. అది చేయించాలా, ఆ గుమ్మం వానరోజుల్లో మూసి ఉంచాలా అన్నది సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చాలి. నా ఓటు మూసి ఉంచడానికే. ఇంకొకటి, లోపలి వినైల్ నేలమీద రబ్బరు రోజుల తరబడి ఆనితే పసుపు మరక పడుతుంది. కాబట్టి మ్యాట్‌ని వారాల తరబడి పరిచి వదిలేయవద్దని మనవి.

అదనంగా చేయించిన నాలుగు ముక్కల్లో రెండు కనిపించడం లేదు. నూగు పొర ఉన్నవి, ఒక వైపు వాలు, బూడిద రంగు. ఎవరి ఇంటి గుమ్మం ముందైనా హాయిగా పడుకుని ఉంటే దయచేసి వెనక్కి తెచ్చి చట్రంలో నిలువుగా పెట్టండి. మేం ఏమీ అడగం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి