ఎవరు చెప్పారు? ఏ ఆధారంతో చెప్పారు?
ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల సంఘం, గుంటూరు: వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో ఎన్ని సమావేశాలు పెట్టాం, అతిథులుగా ఎవరొచ్చారు, పిల్లలకు ఏం పంచాం అని రాసి, చివర్లో లెక్కలు చదివి లేచేవాళ్లం. ఈసారి ఒక తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెడుతున్నాను. తప్పు సంఘానిది. కార్యదర్శిని కాబట్టి ముందు నాది.

పోయినేడు మే నెలలో మన హాల్లో ఒక ఉపన్యాసం పెట్టించాం. వేరే ఊరి నుంచి వచ్చినాయన తెర మీద రెండు వీడియోలు చూపించాడు. మొదటిదాంట్లో బాబు ఎవరివైపూ చూడకుండా చేతులు ఊపుకుంటున్నాడు. రెండోదాంట్లో "అమ్మా" అంటున్నాడు. ఈ రెంటికీ మధ్య స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు, ఎక్కించామన్నాడు. హాలు అద్దె ఆయనే కట్టాడు, సమోసాలూ టీ ఆయనవే. అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు. పైగా చప్పట్లు కొట్టాం. రెండు నెలల తర్వాత మన సభ్యుల్లో ఒక కుటుంబం ఆ చికిత్స కోసం పొలం తాకట్టు పెట్టిందని తెలిసింది. "మీరు పిలిపించినాయనే కదక్కా" అంది ఆ తల్లి. నేనేం చెప్పను?

ఆ తర్వాత కూర్చుని చదివితే తెలిసిన సంగతి ఇది. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలుగ మార్పిడి లాంటివి తప్ప మిగతా స్టెమ్ సెల్ ప్రయోగాలన్నీ పరిశోధన కిందికే వస్తాయి. పరిశోధనలో చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. 2022లో జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం కూడా ఆటిజానికి ఈ చికిత్సను సిఫారసు చేయలేమనీ, దాన్ని ప్రచారం చేయడం వృత్తిపరమైన తప్పిదమనీ చెప్పింది. అంటే మేం హాలు తలుపులు తీసేనాటికే ఈ మాటలు అచ్చయి ఉన్నాయి. ఒక్క గంట వెతికి ఉంటే దొరికేవి. ఇక ఆ రెండు వీడియోల మధ్య ఏడాది గడిచిందన్న విషయం కూడా మాకెవరికీ తట్టలేదు. చికిత్స ఉన్నా లేకపోయినా ఏడాదిలో పిల్లలు ఎంతో కొంత పెరుగుతారు కదా.

ఆ హాలు అద్దెను ఆయనకు తిప్పి పంపించాం. తాకట్టు పడిన పొలం మాత్రం ఇంకా తాకట్టులోనే ఉంది.

ఎర్ర అట్ట పుస్తకం

జులై సమావేశంలో ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాం. గ్రూపులో ఎవరైనా "ఇది వాడండి, ఇలా చేయండి" అని ఫార్వర్డ్ చేస్తే ఎడమ పేజీలో అది రాస్తాం. ఎవరు చెప్పారు, ఏ ఆధారంతో చెప్పారు, ఆ మాట నమ్మితే డబ్బు ఎవరికి వెళ్తుంది అన్నవి కనుక్కుని కుడి పేజీలో రాస్తాం. ఏమీ దొరక్కపోతే కుడి పేజీ ఖాళీగా వదిలేస్తాం. ఏడాది తిరిగేసరికి అందరూ ఎక్కువగా చదువుతున్నది ఈ పుస్తకమే. అందులోంచి కొన్ని ఇక్కడ చెబుతాను.

మొదటి పేజీ వసకొమ్ముది. వస అరగదీసి తేనెలో కలిపి నాకిస్తే మాటలొస్తాయని మన ఇళ్లలో తరాలుగా ఉంది. గలగలా మాట్లాడే పిల్లని "వసపిట్ట" అని ముద్దుచేయడం అందులోంచి వచ్చిందే. వస పోయకపోవడం వల్ల ఆటిజం రాదు, పోస్తే పోదు. ఏడాది నిండని బిడ్డకైతే తేనె అసలు పెట్టకూడదని పిల్లల డాక్టర్లందరూ చెప్పే మాట.

పాలూ గోధుమా మానిపిస్తే పిల్లాడు బాగవుతాడన్నది రెండోది. దీనికి గట్టి ఆధారం లేదు. కానీ నష్టం మన కళ్ల ముందే జరిగింది. ఒక బాబు పూట పూటకీ పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టడు. అన్నం మెత్తగా, తెల్లగా, చల్లగా ఉండాలి. పోపు గింజ కనబడినా కంచం తోసేస్తాడు. ఎవరో చెప్పారని పెరుగు మానిపించారు. అంతే, వాడు తినడమే మానేశాడు. నెలన్నరలో బట్టలు వదులైపోయాయి. పాలు పడని పిల్లలు ఉంటారు, ఆ సంగతి డాక్టరు పరీక్ష చేసి చెబుతారు. మాట కోసం తిండి తీసేయడం వేరే సంగతి.

టీకాల పేజీ మీద పెద్ద గొడవే జరిగింది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎమ్మెమ్మార్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి ఇంగ్లండు వ్యాసం కేవలం 12 మంది పిల్లల మీద రాసింది. అచ్చువేసిన పత్రికే 2010లో దాన్ని వెనక్కి తీసుకుంది. రాసిన డాక్టరు పేరును అక్కడి వైద్య మండలి అదే ఏడు రిజిస్టరు నుంచి తీసేసింది. ఇదంతా చదివాక కూడా ఒక తండ్రి "టీకా వేయించిన వారంలోనే మా వాడు మాటలు మానేశాడండీ" అన్నాడు. ఆయన అబద్ధం ఆడటం లేదు. టీకా వేసే వయసూ, ఆటిజం లక్షణాలు మనకు కంటపడే వయసూ ఒకటే. ఆ మాట ఆయనకు నచ్చజెప్పగలిగామో లేదో తెలియదు గానీ, రెండో బిడ్డకు టీకాలు వేయించారు.

ఆటిజం పోతుందంటూ ఇచ్చే, ఒంట్లో లోహాలు తీసేసే ఇంజెక్షన్ల గురించి ఒక్క వాక్యమే రాశాం: 2005లో అమెరికాలో ఆ చికిత్సలోనే అయిదేళ్ల బాబు చనిపోయాడు. ఫోను చూడటం వల్ల వస్తుందని చెప్పే "వర్చువల్ ఆటిజం" అన్న పేరు ఏ వైద్య వర్గీకరణలోనూ లేదు. సెల్‌ఫోను తగ్గించడం మంచిదే, కానీ తల్లి ఫోనిచ్చింది కాబట్టి ఆటిజం వచ్చిందనడం పాత నిందకు కొత్త పేరు పెట్టడమే.

మందులన్నీ మోసమని ఎవరూ అనుకోవద్దు. తనను తాను కొట్టుకునేంత చిరాకుకూ, నిద్ర పట్టకపోవడానికీ, ఫిట్స్‌కూ డాక్టర్లు మందులిస్తారు, వాటి వల్ల ఇల్లు కుదుటపడిన కుటుంబాలు మనలోనే ఉన్నాయి. అవి ఆటిజాన్ని తీసేసే మందులు కావు, అంతే తేడా. ఆటిజాన్నే తీసేస్తానన్న మనిషి కనిపిస్తే పుస్తకం తెరవండి.

థెరపీ సెంటరు గోడ మీది కాగితం

సెంటర్లో అందరూ తెల్లకోటే వేసుకుంటారు కాబట్టి ఎవరు ఏం చదివారో తెలియదు. స్పెషల్ ఎడ్యుకేటరు, స్పీచ్ థెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టు: ఈ ముగ్గురికీ భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నంబరు అడగండి, మండలి రిజిస్టరులో పేరు ఉందో లేదో చూడండి. ఓటీలు, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టులు, ఆ మండలి కిందికి రారు, వాళ్లను డిగ్రీ ఏమిటని అడగాలి. అడగడానికి మొహమాటపడుతున్నారని సంఘం తరఫున మేమే కొన్ని చోట్లకు వెళ్లాం. ఒకచోట గోడ మీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ రెండు రోజుల వర్క్‌షాపుది. ఇంకోచోట నంబరు అడగ్గానే కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఫైలు మొత్తం చూపించారు. మంచివాళ్లకు ఆ ప్రశ్నతో ఇబ్బంది ఉండదు.

సెషన్‌లో తల్లిని లోపలికి రానివ్వని చోటు గురించి కూడా ఆలోచించండి. వారానికి మూడు గంటలు థెరపిస్టు దగ్గరుండే పిల్లాడు మిగతా గంటలన్నీ మన దగ్గరే ఉంటాడు. అక్కడ చేసేదేమిటో మనకు చూపించకపోతే ఇంట్లో ఏం చేస్తాం?

సికింద్రాబాద్ ప్రయాణం, సదరం కాగితాలు

నవంబరులో కొన్ని కుటుంబాలు కలిసి తెల్లవారుజామున పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థకు వెళ్లాయి. 1984లో పెట్టిన సంస్థ అది. దేశమంతా ఆటిజం సర్టిఫికెట్‌కు వాడే "ఇసా" కొలమానం తయారైంది అక్కడే. అందులో 40 అంశాలుంటాయి. మొత్తం 70కి తక్కువ వస్తే ఆటిజం లేదని, 106 దాకా తక్కువ స్థాయని, 153 దాకా మధ్యస్థమని, ఆపైన తీవ్రమని లెక్క. ఇవి బడి మార్కులు కావు. ఎక్కువ వచ్చిందని ఏడ్చినవాళ్లూ ఉన్నారు, తక్కువ వచ్చిందని స్వీట్లు పంచినవాళ్లూ ఉన్నారు. రెండూ అక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. డాక్టరు అడిగినప్పుడు మనం పిల్లల్ని వెనకేసుకొస్తాం. "బట్టలు తనే వేసుకుంటాడండీ" అంటాం. చొక్కా చేతిలోకి చెయ్యి పెట్టించి, గుండీలు పెట్టి, నాడా కట్టేది మనమేనన్న మాట నోటికి రాదు. పదిమందిలో మన బిడ్డ పరువు తీయలేక అలా అంటాం. నేనూ అన్నాను. కానీ సర్టిఫికెట్‌లో వైకల్య శాతం 40కి తగ్గితే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద వచ్చేవాటిలో చాలా భాగం చేజారిపోతాయి. అందుకని అసెస్‌మెంటుకు వెళ్లే ముందు వారం రోజులు ఇంట్లో ఏం జరుగుతోందో రాసుకెళ్లమని అందరికీ చెబుతున్నాం. కల్పించొద్దు, దాచొద్దు.

వికలాంగుల పింఛను 2024 జులై నుంచి రూ.6,000 అయింది. జనవరి నుంచి పింఛన్ల పునఃపరిశీలన మొదలయ్యేసరికి ఇళ్లలో కంగారు పుట్టింది. ఆ రోజుల్లో సంఘం చేసిందల్లా ప్రతి కుటుంబానికీ ఒక ప్లాస్టిక్ ఫోల్డరు ఇచ్చి సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), పాత అసెస్‌మెంట్లు, మందుల చీటీలు తేదీల వారీగా పెట్టించడమే. చిన్న పనే, కానీ సచివాలయంలో ఏ కాగితం అడిగినా ఎవరూ ఇంటికి పరిగెత్తలేదు.

ఆటిజం లాంటివి ఉన్నవాళ్ల కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్టు వారి "నిరామయ" ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీ ఖర్చులకూ కొంత ఇస్తారు, చేరడానికి ముందు వైద్య పరీక్షలుండవు. మనలో చాలామంది ఒకసారి చేరి రెన్యువల్ మర్చిపోయారు. మార్చి వస్తోందంటే గ్రూపులో గంట కొట్టే పని ఇకనుంచి కోశాధికారిది.

పద్దెనిమిది నిండిన పిల్లల తల్లిదండ్రులకు: ఆ రోజు నుంచి కన్నవాళ్లైనా చట్టప్రకారం సంరక్షకులు కారు. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. బ్యాంకులో మేనేజరు అడిగేదాకా ఇది తెలియనివాళ్లే ఎక్కువ.

బడి

క్లుప్తంగా చెబుతాను. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం పేరుతో సీటు లేదనకూడదు. "ఇలాంటి పిల్లలకు మా దగ్గర సౌకర్యం లేదండి" అన్న రెండు ప్రైవేటు బళ్లకు చట్టం చూపిస్తూ ఉత్తరాలు రాశాం. ఒకటి చేర్చుకుంది, ఇంకొకటి జవాబే ఇవ్వలేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉండే భవిత కేంద్రాలకు వెళ్లి చూడండి. టీచరు మీద ఆధారపడి ఉంటుంది, మంచి టీచరున్న చోట ఏ సెంటరుకూ తీసిపోదు.

మైకు

ఇన్నేళ్లుగా మన కార్యవర్గంలో తల్లులం, తండ్రులం తప్ప ఆటిజం ఉన్న మనిషి ఒక్కరూ లేరు. ఈ ఏడు ఇరవై నాలుగేళ్ల అబ్బాయి ఒకరు చేరారు, డీటీపీ పనిచేస్తారు. మొదటి సమావేశంలోనే మన బ్యానరు మీద "ఆటిజంతో బాధపడుతున్న" అన్న మాట చూపించి, "నేను బాధపడుతున్నది మీ మైకుతో" అన్నారు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. చెవులు మూసుకుని ఉన్నారు. అప్పుడు మైకు ఆపాం.

పిల్లలు చొక్కా వెనక లేబులు పీక్కుంటే మొండితనమనుకున్నాం, అది గీరుకుంటుందని ఆయన చెప్పారు. మన కళ్లలోకి చూడమని గడ్డం పట్టుకుని తిప్పితే మాట వినబడదని, చూడటం వినడం ఒకేసారి కుదరదని చెప్పారు. డాక్టర్ల దగ్గర, పుస్తకాల్లో ఏళ్ల తరబడి వెతుక్కున్న జవాబులు కొన్ని పక్క కుర్చీలోనే ఉన్నాయి. అలాగని ఆయనకున్నట్టే అందరికీ ఉంటుందని అనుకోవద్దని ఆయనే హెచ్చరించారు. ఆ మాటా ఎర్ర పుస్తకంలో ఎక్కింది.

నాన్నమ్మలు

ఫిబ్రవరిలో నాన్నమ్మలకూ అమ్మమ్మలకూ విడిగా ఒక మధ్యాహ్నం పెట్టాం. కోడళ్లెవరూ ఉండకూడదని షరతు. "వాడి మేనమామకు అయిదేళ్లకు గానీ మాట రాలా" అని ఒకరు, "మా వంశంలో ఎవరికీ లేదు" అని ఇంకొకరు మొదలుపెట్టారు. గంట గడిచాక ఒక పెద్దావిడ, చిన్నప్పుడు తన తమ్ముడు రోజంతా బావి గిలక తిప్పుతూ కూర్చునేవాడని, "పిచ్చోడ"ని ఊళ్లో రాళ్లేసేవారని చెప్పారు. ఆ తర్వాత వంశం మాట ఎవరూ ఎత్తలేదు. మాట ఆలస్యమైతే మేనమామను తలుచుకుంటూ ఆగకుండా జిల్లా ఆసుపత్రిలోని సత్వర గుర్తింపు కేంద్రానికి తీసుకెళ్లాలని చెప్పి పంపించాం. అక్కడ డబ్బు తీసుకోరు.

చేయలేకపోయినవి

నాన్నలు రావడం లేదు. వచ్చినా బయట స్కూటర్ల దగ్గరే నిలబడుతున్నారు. అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ముల కోసం ఏదైనా చేయాలని రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాం. రాత్రిపూట ఫోన్లు నాకూ అధ్యక్షురాలికీ వస్తున్నాయి, అన్నిసార్లూ ఎత్తలేకపోతున్నాం. మనసు బాగోలేనప్పుడు 14416కు చేయండి, టెలీ మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు.

లెక్కలు కోశాధికారి విడిగా పంచుతారు. ఆ మే ఉపన్యాసం తర్వాత బయటివాళ్ల దగ్గర ఉపన్యాసాల కోసం డబ్బు తీసుకోలేదు.

వచ్చే సమావేశం నెల మొదటి ఆదివారం, పది గంటలకు. హాలు మారింది. పాతదాంట్లో ట్యూబులైటు గుయ్‌మంటోందని మన కొత్త కార్యవర్గ సభ్యుడు చెప్పారు. మిగతా ఎవరికీ వినబడలేదు. ఫోల్డర్లు తెచ్చుకోండి. పిల్లలకు వాళ్లు తినేదే డబ్బాలో పెట్టి తీసుకురండి. పెరుగన్నమైనా సరే.