గెడ్డల పూడికను పరీక్షించాకే తరలించండి

సంపాదకుడికి,

అయ్యా,

వానాకాలానికి ముందు విశాఖ గెడ్డల్లో పూడిక తీసి, ఆ బురదను గట్టు మీదే కుప్పలు పోయడం మనకు అలవాటైన దృశ్యం. లారీ సమయానికి రాకపోతే మొదటి వానకే సగం మళ్లీ గెడ్డలోకి జారుతుంది. అది ఎలాగూ తిట్టుకుంటున్నదే. నా విన్నపం వేరు: ఆ నల్లటి బురదలో ఏముందో పరీక్ష చేయించి, ఫలితం జనానికి చెప్పండి.

నీళ్ల శాంపిల్ పాసైందని ఊరుకుంటే సరిపోదు. చమురు, మసి నుంచి వచ్చే రసాయనాలన్నీ ఒకే దారిన పోవు. బెంజీన్ లీటరు నీటిలో సుమారు 1.8 గ్రాముల దాకా కరుగుతుంది. అందుకే ఇసుక నేలల్లో నీటితో పాటే బోర్ల వైపు సాగిపోతుంది. క్యాన్సర్ కారకమైన బెంజోపైరీన్ కరిగేది మాత్రం లీటరుకు మిల్లీగ్రాములో కొన్ని వెయ్యో వంతులే. నీళ్లంటే గిట్టని ఆ సరుకు, కుళ్లిన ఆకులూ మురుగూ కలిసిన సన్నటి ఒండ్రును బట్టకు పసుపు పట్టినట్టు పట్టుకుంటుంది. బురదలో కర్బనం ఎంత ఎక్కువుంటే పట్టు అంత ఎక్కువ. మసి అయితే మరీ గట్టిగా పట్టేస్తుంది. శుభ్రమైన ఇసుకకు ఆ పట్టు ఉండదు. పోర్టు బయట తవ్విన ఇసుకను ఆర్కే బీచ్‌లో పోయడాన్నీ, లోపలి బురదను తీయడాన్నీ ఒకే గాటన కట్టకూడదనేది అందుకే.

పోనీ, పట్టుకున్నది అక్కడే ఉండిపోతుందా అంటే అదీ లేదు. కెలికినా, కొత్త నీరు తగిలినా కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటుంది. కలుషితమైన భూగర్భ జలాన్ని ఏళ్ల తరబడి తోడి శుద్ధి చేశాక కూడా, మోటార్లు ఆపిన కొన్నాళ్లకు కాలుష్యం మళ్లీ పెరగడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

పోర్టు 1933లో, రిఫైనరీ 1957లో మొదలయ్యాయి. మేహాద్రి గెడ్డ చివరికి కలిసేది హార్బరులోనే. ఇన్నేళ్ల చమురులో, మురుగులో కొంతైనా అడుగున చేరకుండా ఎక్కడికి పోతుంది? గెడ్డలో కర్రతో కెలికితే రంగురంగుల తెట్టు తేలుతుంది. (తేలిన ప్రతి తెట్టూ నూనె కాదు. కర్రతో చీలిస్తే పెంకుల్లా విడిపోయేది ఇనుము తెట్టు, మళ్లీ అతుక్కునేది నూనె.)

బెంజోపైరీన్ కుటుంబానికి చెందిన రసాయనాలను పీఏహెచ్‌లు అంటారు. తాగునీటిలో వీటికి మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దు లీటరుకు 0.0001 మిల్లీగ్రాములు. నీటికి అంత జాగ్రత్త తీసుకుంటూ బురదను వదిలేస్తే ఎలా? ఆంధ్రా యూనివర్సిటీ, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్ఐఓ) ప్రాంతీయ కేంద్రం ఊళ్లోనే ఉన్నాయి, శాంపిళ్లు ఎక్కడికో పంపాల్సిన పని లేదు. ఎండిన బురద కిలోకు ఎంత చమురు, ఎంత పీఏహెచ్, అందులో కర్బనం ఎంత శాతం అన్నవి గెడ్డల వారీగా ప్రకటించాలి. ఫలితం వచ్చేదాకా కుప్పల కింద టార్పాలిన్ పరిచి, పైన కప్పి ఉంచాలి. పల్లపు స్థలాలు పూడ్చుకోవడానికి ఆ మట్టిని ఎవరికీ ఇవ్వకూడదు. వచ్చే వేసవి పూడికతీత టెండర్లలోనే ఈ షరతులు చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
గాజువాక, విశాఖపట్నం