అన్నం గిన్నె ఎక్కడ పెట్టాలండీ?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మీ పేపర్ పాతికేళ్ళకి పైగా వేయించుకుంటున్నాం, ఉత్తరం రాయడం మాత్రం నాకు ఇదే మొదలు, తప్పులుంటే మీరే సరిచేసి వేసుకోండి. ఈ నెల మొదట్లో ఆదివారం పుస్తకంలో పండగలకి డైనింగ్ టేబుల్ ఎలా ముస్తాబు చెయ్యాలో రెండు పేజీల నిండా వేశారు కదా, క్రిస్మస్ నించి సంక్రాంతి దాకా పనికొస్తుందని పైన రాశారు కూడా. ఫొటోలు బాగున్నాయి, కాదనను. మధ్యలో పొడుగాటి గాజు వేజు, అందులో తెల్ల పూలు, చుట్టూ పైన్ కాయలు, అటొకటి ఇటొకటి కొవ్వొత్తులు, కంచాలు తళతళా మెరిసిపోతున్నాయి. కానీ ఎడిటర్ గారూ, ఆ రెండు పేజీల్లో ఎంత వెతికినా నాకు అన్నం గిన్నె కనపళ్ళేదండి. పప్పు లేదు, నెయ్యి లేదు, పెరుగు లేదు. తినేవాళ్ళు కూడా లేరనుకోండి, అది వేరే సంగతి.

మా కోడలికి ఇలాంటివంటే సరదా. మీరు రాసింది రాసినట్టు చేసింది. వేజు ఆన్‌లైన్‌లో తెప్పించింది, పూలు గుచ్చడానికి ఆకుపచ్చ ఫోమ్ ఇటుక కూడా తెప్పించింది, ఆ ఆదివారమే మా వియ్యంకుడు గారూ వియ్యపురాలు గారూ భోజనానికి వస్తున్నారని పొద్దున్నుంచీ కూర్చుని అమర్చింది. చూడ్డానికి నిజంగా మీ ఫొటోలానే ఉంది, వియ్యపురాలు గారు సెల్లులో నాలుగు ఫొటోలు కూడా తీసుకున్నారు. తీరా వడ్డన మొదలయ్యేసరికి వియ్యంకుడు గారు పూల వెనకాల పడిపోయారు, మనిషి కనపడరు, గొంతు మాత్రం వినపడుతుంది, "అమ్మా కాస్త చారు" అని. గుత్తొంకాయ గిన్నె పెట్టడానికి చోటు లేక మా వారు కంచం ఒళ్ళోకి లాక్కున్నారు. పప్పు పోపు ఘుమఘుమలాడాల్సిన చోట లిల్లీల వాసన. అయిదు నిమిషాలు చూసి మా కోడలే లేచి వేజు తీసి ఫ్రిజ్ మీద పెట్టేసింది, అందరం హమ్మయ్య అనుకున్నాం. పాపం పిల్ల చిన్నబుచ్చుకుంది. అది చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది, తప్పు దానిది కాదు కదండీ.

తర్వాత నేనే టేపు తెచ్చి కొలిచాను. మాది ఆరుగురు కూర్చునే బల్ల, అయిదడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, చాలా ఇళ్ళల్లో ఇంచుమించు ఇంతే ఉంటుంది. మూడడుగులంటే 36 అంగుళాలు. మన అన్నం కంచం 12 అంగుళాలు, ఎదురెదురుగా రెండు కంచాలు పెడితే 24 పోయాయి, మిగిలింది మధ్యన 12 అంగుళాలు, ఒక్క అడుగు. ఆ అడుగు వెడల్పులోనే అన్నం, పప్పు, కూర, పులుసు, పచ్చడి, ఊరగాయ, నెయ్యి, అప్పడాలు, పెరుగు, మంచినీళ్ళ చెంబు, గ్లాసులు, అన్నీ కూర్చోవాలి. పండగ రోజైతే పులిహోర, బూరెలు, గారెలు అదనం. మన బల్లకి నడుమన ఉన్నది ఖాళీ చోటు కాదండి, అది వంటల చోటు. నడుమన అలంకారానికి సెంటర్‌పీస్ పెట్టమంటే దేన్ని లేపి పెట్టాలి?

మా చెల్లెలి కూతురు డాలస్‌లో ఉంటుంది, దాన్ని అడిగితే అసలు గుట్టు చెప్పింది. అక్కడ నవంబర్ నాలుగో గురువారం థాంక్స్ గివింగ్ అని చేస్తారు కదా, వాళ్ళింట్లో ఆ రోజు వంటలన్నీ వంటింటి గట్టు మీద వరసగా పెట్టేసి ఎవరిక్కావల్సింది వాళ్ళు కంచంలో పెట్టుకొచ్చి కూర్చుంటారట, అందుకని బల్ల మధ్య ఖాళీ, అక్కడ చిన్న చిన్న గుమ్మడికాయలూ ఎండు ఆకులూ పేరుస్తారట. ఆ గుమ్మడికాయలు కూడా వాళ్ళకి ఆ రోజుల్లో కాసేవే. వాళ్ళ పద్ధతికి వాళ్ళ అలంకారం సరిపోయింది, అందులో వంక పెట్టేదేం లేదు. మనం గిన్నెలు నడుమ పెట్టుకుని "ఇంకాస్త వేసుకోండి" అంటూ బతిమాలి వడ్డించే వాళ్ళం, మనకది ఎలా నప్పుతుంది.

కొవ్వొత్తుల సంగతి చెప్పక్కర్లేదు. మా నరసాపురంలో డిసెంబర్లో కూడా భోజనాల దగ్గర ఫ్యాన్ తిరగాల్సిందే, ఫ్యాన్ వేస్తే కొవ్వొత్తి ఆరిపోతుంది, ఆపితే దోమలు. ఉరుళి అనే వెడల్పాటి ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసి పూరేకులు చల్లి దీపాలు తేలేయమన్నారు మీరు, గుమ్మం పక్కన పెట్టుకుంటే ముచ్చటగా ఉంటుంది గానీ ఫ్యాన్ కింద ఆ రేకులు ఎగిరి చారులో పడతాయి.

అలాగని బల్ల బోడిగా ఉండాలనట్లేదు నేను. మా పక్కింటి అక్కావాళ్ళు లూథరన్ క్రైస్తవులు, మొన్న క్రిస్మస్‌కి భోజనానికి పిలిచారు, ఆవిడ ఏం చేసిందో చెప్తా వినండి. మీరు రాసిన పైన్ కాయలు ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో కొనాల్సిందే. ఆవిడ పేరుపాలెం బీచ్‌కి వెళ్ళినప్పుడు సరుగుడు తోపుల కింద రాలిన కాయలు సంచిలో ఏరుకొచ్చింది. సరుగుడు కాయ చూశారా, గోళీ అంత ఉంటుంది, అచ్చం పైన్ కాయ పిల్లలా ఉంటుంది. మా వైపు క్రిస్మస్ చెట్టు అంటేనే సరుగుడు కొమ్మ కదా ఎలాగూ. ఒక చిన్న అరటి బోదె ముక్క, జానెడు పొడుగు, నిలువునా చీల్చి బోర్లించి, దానికి సరుగుడు రెబ్బలూ పసుపు చామంతులూ గుచ్చి, చుట్టూ ఈ కాయలు పోసింది. అరటి బోదెలో నీరుంటుంది కాబట్టి పూలు సాయంత్రం దాకా వాడలేదు. మీరు చెప్పిన ఫోమ్ ఇటుకైతే అది ప్లాస్టిక్కేనటండీ, మట్టిలో కలవదు, నలిపితే పొడి పొడిగా రాలి అన్నంలో పడేలా ఉంటుంది. అరటి బోదె మర్నాడు గేదెకి వేసేస్తే తినేస్తుంది. ఒక్కటే జాగ్రత్త, కింద స్టీలు పళ్ళెం పెట్టాలి, అరటి జిగురు బట్టకి అంటిందంటే ఆ మరక ఇంక వదలదు. ఎత్తు కూడా చూసుకుంది, మోచెయ్యి బల్ల మీద ఆనిస్తే పిడికిలి ఎంత ఎత్తులో ఉంటుందో అంతకి మించలేదు, అవతల కూర్చున్న వాళ్ళ మొహం చక్కగా కనపడింది. బిర్యానీ గిన్నె రాగానే పళ్ళెంతో సహా ఎత్తి కిటికీలో పెట్టేసింది, తినడం అయ్యాక కేకు కోసేటప్పుడు మళ్ళీ తెచ్చి నడుమ పెట్టింది. తియ్యడానికీ పెట్టడానికీ అర నిమిషం. నాకైతే సెంటర్‌పీస్ అంటే అదీ అనిపించింది.

మీ వ్యాసంలో ఇంకో ముఖ్యమైన ముక్క వదిలేశారు. దొడ్లో ఏ పూలుంటే అవి తెచ్చి అలంకరించుకోండి అని ఒక్క మాటలో తేల్చేశారు. మా వైపు దొడ్డంటే మొదట ఉండేది గన్నేరు. గన్నేరు పప్పు సంగతి తెలియని తెలుగువాళ్ళుంటారా, పప్పే కాదు ఆకూ పువ్వూ పాలూ అన్నీ విషమే, దాన్ని తీసుకెళ్ళి అన్నం గిన్నె పక్కన పెడితే ఇంకేమన్నా ఉందా. చిన్నపిల్లలున్న ఇంట్లో మరీ. కడియపులంక మార్కెట్ నించి వచ్చే చామంతులూ బంతులూ బాగుంటాయి, కాకపోతే కొన్న పూలకి ఏం మందులు కొట్టారో మనకి తెలీదు కాబట్టి అవి తినే వాటికి తగలకుండా ఉండాలి. మల్లెలూ లిల్లీలూ తల్లోకి బాగుంటాయి గానీ మాగాయ పక్కన మాత్రం వద్దు.

సంక్రాంతికి మేం చేసుకునేది ఇంకోటుంది. మా ఇల్లు పాతది, ఇప్పుడు డైనింగ్ టేబుల్ వేసిన గదిలో పైన దూలానికి ఉయ్యాల కొక్కెం ఉంది, మా పిల్లలిద్దరూ ఊగిందే. కొత్త పంట వచ్చాక వరి కంకులతో అల్లిన కుచ్చు ఉంటుంది కదా, పిచ్చుకల కోసం చూరుకి కడతారు, దాన్ని ఆ కొక్కేనికి వేలాడదీస్తాం. బల్ల మీద అంగుళం చోటు కూడా పోదు, తలెత్తితే బంగారంలా ఉంటుంది. పిచ్చుకలు ఇంట్లోకి రావు గానీ గింజలు అప్పుడప్పుడూ పెరుగులో రాలతాయి, దానికి ఎవరూ ఏమీ అనుకోరు. కింద నడుమన రేగిపళ్ళ గిన్నె. భోగిపళ్ళు పోసినవి కాదు లెండి, విడిగా కడిగి పెట్టినవి. రేగిపళ్ళ పక్కన చెరుకు ముక్కలు, కాల్చిన తేగలు. పిల్లలు వచ్చేపోయే వాళ్ళు తింటూనే ఉంటారు, రాత్రయ్యేసరికి సెంటర్‌పీస్ అంతా గింజలూ పిప్పీ మిగులుతుంది.

ఏటికొప్పాక లక్కపిడతలు కూడా ఒకసారి పెట్టాను. అంకుడు కర్రతో చేస్తారు, గింజల రంగులూ వేళ్ళ రంగులూ లక్కలో కలిపి గిర్రున తిరిగే లేతు మిషను మీద పూస్తారు, వాటికి 2017లో జీఐ, అంటే ఫలానా చోటి సరుకని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది. బుజ్జి పొయ్యి, బుజ్జి గిన్నెలు, బుజ్జి తిరగలి అన్నీ నడుమ పేర్చి ఒక్కో గిన్నెలో రెండేసి వేయించిన జీడిపప్పులు వేస్తే మా మనవరాలు పేచీ పెట్టకుండా అన్నం తింది, అదే పదివేలు. వేడి గిన్నెకి ఆనించకండి, లక్క మెత్తబడుతుంది, నేను ఆనించి ఒక మూత పాడుచేసుకున్నా.

ఇంక కొత్త అల్లుడు వచ్చిన ఇంట్లో అయితే ఏ అలంకారమూ అక్కర్లేదు. మా గోదావరి జిల్లాల్లో వందకి పైగా రకాలు చేసి బల్ల నిండా పేర్చి మధ్యలో అల్లుణ్ణి కూర్చోబెడతారు, ఏటా మీరే ఫొటో వేస్తారు, అక్కడ అల్లుడే సెంటర్‌పీస్.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మీ వ్యాసంలో బల్ల మీద పొడుగునా పరుచుకోడానికి లేసు రన్నర్ కొనుక్కోమని రాశారు, ఫారిన్ లేసు అయితే రిచ్‌గా ఉంటుందన్నారు. అది చదివి నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత కోపం కూడా వచ్చింది. ఎడిటర్ గారూ, నేను రాస్తున్నది నరసాపురం నించండి. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ నించి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకి ఈ అల్లిక నేర్పారని చెప్తారు, అప్పట్నించీ వశిష్ఠ గోదారి ఒడ్డున ఊరూరా అరుగుల మీద ఆడవాళ్ళు సన్న దారం, క్రోషా సూది పట్టుకుని అల్లుతూనే ఉన్నారు. ఇక్కణ్ణించి యూరప్‌కీ అమెరికాకీ వెళ్తుంది. 2024లో నరసాపురం లేసుకి జీఐ ట్యాగ్ వచ్చింది. ఫారిన్ వాళ్ళ బల్లల మీద ఉన్న లేసుల్లో మావాళ్ళు అల్లినవి ఎన్నున్నాయో. మనవాళ్ళు మాత్రం మిషన్ మీద నేసిన నైలాన్ లేసు కొనుక్కుని అదే ఫారిన్ అనుకుంటున్నారు.

మా అమ్మ లేసు అల్లేది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్ళేవాడు, అమ్మది చేతిపని, అంటే విడివిడి పువ్వులు అల్లడం, వాటిని కలిపే అతుకుపని వేరే వాళ్ళు చేసేవాళ్ళు. వంటయ్యాక కూర్చుంటే దీపాలు పెట్టేదాకా, రోజంతా అల్లినా రూపాయి కూడా గిట్టేది కాదు. అన్ని వందల టేబుల్ క్లాతుల్లోకి పువ్వులు అల్లిన మనిషి ఇంట్లో టేబుల్ లేదండి, పీట మీద కూర్చుని విస్తరాకులో తినేవాళ్ళం. ఒకే ఒక్కసారి అమ్మకి గుండ్రటి డాయిలీ, అంటే గిన్నె కింద పరిచే లేసు ముక్క, మొత్తం ఒక్కదాన్నే అల్లమని ఇచ్చారు, నెల పట్టింది. పని అయిపోయిన రోజు నేను బడి నించి వచ్చి ఆవకాయ అన్నం కలిపిన చేత్తోనే దాన్ని ఎత్తి చూశాను, నాకు తొమ్మిదేళ్ళు. కుంకుడు రసంలో నానబెట్టింది, ఎండలో ఆరేసింది, పసుపు కాస్త పోయింది గానీ నూనె మచ్చ మాత్రం పోలేదు. ఏజెంటు తీసుకోలేదు, పైగా దారం ఖరీదు పట్టుకున్నాడు. అమ్మ నన్ను కొట్టలేదు, దాన్ని మడిచి ట్రంకు పెట్టెలో అడుగున పెట్టేసింది. ఇప్పుడు మా ఇంట్లో అమ్మ చేత్తో చేసిన లేసు అంటే అదొక్కటే ఉంది.

అన్నట్టు పసుపు మరకల సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నా, లేసు మీద పప్పో పులుసో పడితే వెంటనే చల్లనీళ్ళతో కడిగి ఎండలో ఆరేయండి, సబ్బు రాస్తే ఎర్రగా మారిందని కంగారుపడకండి, రెండు మూడు ఎండలకి దానంతటదే వెలిసిపోతుంది. అంతేగానీ లేసు మీద ప్లాస్టిక్ షీట్ పరిచి, ఆ షీట్ మీద అన్నం తిని, తడిగుడ్డ పెట్టి తుడుస్తారే, అలా అయితే లేసు కొనడం దేనికి.

మిమ్మల్ని కోరేది ఒకటే. ఈసారి ఇలాంటి పేజీ వేసేటప్పుడు ఫొటో తీసేది గిన్నెలన్నీ పెట్టాక తియ్యండి, ఆరుగురు కూర్చున్నాక తియ్యండి. కావాలంటే మీ ఫొటోగ్రాఫర్ని నరసాపురం పంపండి, అల్లేవాళ్ళ ఇళ్ళకి మేమే తీసుకెళ్తాం, ఒక రన్నర్ అల్లడానికి ఎన్ని రోజులు పడుతుందో, చేతికి ఎంత వస్తుందో అది కూడా పక్కన వెయ్యండి, కొనేవాళ్ళకి తెలియాలి కదా.

మా కోడలు ఫ్రిజ్ మీది వేజులో గరిటెలు పెట్టుకుంది. సంక్రాంతికి బల్ల మళ్ళీ తనే సర్దుతానంటోంది, సరే అన్నాను. అమ్మ డాయిలీ ట్రంకులోంచి తీసి ఇచ్చాను, మచ్చ సరిగ్గా నడుమన పడింది, దాని మీద రేగిపళ్ళ గిన్నె పెట్టుకుంటే కనపడదని చెప్పింది.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
నరసాపురం, పశ్చిమ గోదావరి జిల్లా