సాయంత్రం ఐదున్నరకే షాపు ఎందుకు మూస్తున్నానంటే

అమ్మలకు, అక్కలకు, చెల్లెళ్ళకు నమస్కారం.

కొన్నాళ్ళుగా సాయంత్రం పూట వచ్చి, షట్టర్ వేసి ఉండటం చూసి వెనక్కి వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. కొందరు ఫోన్ చేసి "ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. ఇద్దరు ముగ్గురు "షాపు ఎత్తేస్తున్నావా అమ్మా?" అన్నారు. ఎత్తేయడం లేదు. బెజవాడ సింగ్‌నగర్‌లో పదకొండేళ్ళుగా మీ జాకెట్లు కుడుతున్నాను, ఇకమీదట కూడా కుడతాను. కాకపోతే టైమింగ్స్ మారాయి, ఆర్డర్లు తీసుకునే పద్ధతి మారింది, రేటు కూడా కొంచెం మారింది. ఒక్కొక్కరికీ ఫోన్‌లో సగం సగం చెప్పేకంటే మొత్తం ఒకచోట రాయడం మంచిదనిపించింది. ధనుర్మాసం కదా, పెళ్ళిళ్ళు లేవు, రాయడానికి కాస్త తీరిక కూడా దొరికింది.

అసలు సంగతి వరదతో మొదలైంది.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. మీలో సగం మందికి నేను చెప్పక్కర్లేదు, మీ ఇళ్ళూ మునిగాయి. బుడమేరు వాగు నీళ్ళు షాపులోకి వచ్చేశాయి. మేం పైన మొదటి అంతస్తులో ఉంటాం కాబట్టి ప్రాణాలు దక్కాయి. కింద మూడు మిషన్లు, మగ్గం ఎంబ్రాయిడరీ స్టాండు, కుట్టి హుక్కులు కూడా వేసి ర్యాకులో పెట్టిన యాభైకి పైగా జాకెట్లు నీళ్ళలో ఉండిపోయాయి. మెట్ల మీద నిలబడి ఆ నీళ్ళను చూడటం తప్ప చేయగలిగింది లేదు. ఆ ఏడు వినాయక చవితి 7వ తేదీన వచ్చింది. వీధిలో ఇంకా నీళ్ళున్నాయి. పత్రి ఎక్కడ దొరుకుతుంది? మా అత్తయ్యగారు డాబా మీదికి వెళ్ళి తన కుండీల్లోంచి తులసి, జాజి, గన్నేరు ఆకులు కోసుకొచ్చారు. కింద అంతా బురద రంగు, ఆవిడ చేతిలో ఆ పచ్చటి ఆకులు. అప్పటిదాకా ఆ కుండీలను ఆవిడ కాలక్షేపం అనుకున్నాను. నీళ్ళు పోయడానికి కూడా ఎప్పుడూ పైకి ఎక్కలేదు.

నీళ్ళు తీశాక రంగులు దిగిపోయిన పట్టు జాకెట్లకు చేతనైనంత డబ్బు తిరిగిచ్చాను. కొందరు తీసుకోలేదు, వాళ్ళకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. డ్వాక్రా గ్రూపులో లోన్ తీసుకుని మళ్ళీ మిషన్లు కొన్నాను. ఆ వాయిదాలు కట్టాలి కదా అని, ఎవరు వచ్చినా, ఎంత అర్జెంటు అన్నా కాదనడం మానేశాను. అంతకుముందు రోజుకి ఎనిమిది జాకెట్లు కుట్టేవాళ్ళం. 2025 శ్రావణానికి అది పదిహేను అయింది. రాత్రి పన్నెండు, ఒంటిగంట. తిండి మిషన్ దగ్గరే. మా అబ్బాయి ఏదైనా అడిగితే కాలు పెడల్ మీంచి తీయకుండానే జవాబు చెప్పేదాన్ని.

వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8న. ఆ హడావుడి గట్టెక్కించాను. తర్వాతి వారం ఒక పెళ్ళికూతురి జాకెట్టు పాడుచేశాను. కొలత కోసం ఇద్దరు ఇచ్చిన ఆది జాకెట్లు ఒకే సంచిలో పెట్టేశాను. రాత్రి పదకొండింటికి ఒకరి ఆది చూసి మరొకరి గుడ్డ కత్తిరించాను. కంచి పట్టుచీరలో వచ్చిన బ్లౌజు పీస్ అది, కొనడానికి ఇంకెక్కడా దొరకదు. చాతీ దగ్గర రెండంగుళాలు తక్కువ. కత్తిరించిన మరుక్షణమే తెలిసిపోయింది. వన్‌టౌన్ వస్త్రలతలో మూడుసార్లు తిరిగి, దగ్గర రంగు పట్టు తెచ్చి, పక్కల్లో అతుకు వేసి కుట్టిచ్చాను. ఆ అమ్మాయి అదే వేసుకుని పీటల మీద కూర్చుంది. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ మర్నాడు కత్తెర పట్టుకుంటే చెయ్యి వణికింది. డాక్టర్ దగ్గరికి వెళితే బీపీ పైసంఖ్య 160 దాటి ఉంది. మాత్ర రాసి, టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఎలా తగ్గించుకోవాలో నాకు తెలియలేదు. ఆ సాయంత్రం షట్టర్ సగానికి దించి, ఆరబెట్టిన బట్టలు తెద్దామని డాబా మీదికి వెళ్ళాను.

అత్తయ్యగారు బీరపాదు ముందు కూర్చుని దిగులుగా ఉన్నారు. ఇరవై లీటర్ల పెయింట్ బకెట్టులో పెట్టిన పాదు అది, పందిరంతా అల్లుకుంది. పిందెలు పడుతున్నాయి గానీ వేలెడంత కాగానే పసుపురంగు తిరిగి రాలిపోతున్నాయట. "నా కళ్ళు ఆనట్లేదే, నువ్వు చెయ్యి" అని ఒక పువ్వు కోసి నా చేతిలో పెట్టారు.

బీరపువ్వు సంగతి మీలో ఎందరికి తెలుసో గానీ నాకు అప్పటిదాకా తెలియదు. అది పొద్దున విచ్చుకోదు. పగలంతా ముడుచుకునే ఉండి, సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య విచ్చుకుంటుంది. మర్నాటికి వాడిపోతుంది. మగపువ్వులు గుత్తిగా వస్తాయి, ఆడపువ్వు వెనక సన్నటి పిందె ఉంటుంది. పల్లెలో అయితే ఈ పుప్పొడి పని పురుగులూ తేనెటీగలూ చూసుకుంటాయి. మా డాబా చుట్టూ సిమెంటే, అంత ఎత్తుకి వచ్చేవి తక్కువ. అందుకని మగపువ్వు రెక్కలు తీసేసి, మధ్యలో ఉన్న పసుపు పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దాలి. గట్టిగా రుద్దితే పువ్వు చెడుతుంది. తొందరపడితే పొడి కిందికి రాలిపోతుంది. మగ్గం మీద ముత్యం పెట్టేటప్పుడు ఉన్నంత జాగ్రత్త కావాలి.

ఆ రోజు నాలుగు పువ్వులకు అద్దాను. నాలుగోదానికి వచ్చేసరికి నా చెయ్యి వణకడం లేదని గమనించాను.

మర్నాడు ఆరింటికి మళ్ళీ వెళ్ళాను. ఆ మర్నాడు కూడా. నాలుగైదు రోజులకు ఒక పిందె కాడ గట్టిపడి కిందికి వంగింది. పన్నెండో రోజు కోసి, పాలు పోసి కూర చేశాం, పొట్టుతో పచ్చడి చేశాం. మా అబ్బాయి ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నేను వాడి పక్కనే కూర్చుని తిన్నాను.

పాదు కోసమని మొదలైన అలవాటు, పాదు కాపు అయిపోయాక కూడా పోలేదు. ఇప్పుడు డాబా మీద చుక్కకూర, తోటకూర ఉన్నాయి, చామంతులు విచ్చుకుంటున్నాయి. అన్నీ బాగున్నాయని చెప్పను. వంగ మొక్కలకు పిండినల్లి పట్టింది. సబ్బునీళ్ళలో కాస్త వేపనూనె కలిపి కొట్టినా ఆలస్యమైపోయి మూడింటిని పీకేయాల్సి వచ్చింది. వరద బురద మొక్కలకు బలం అని అప్పట్లో ఎవరో చెప్పారు గానీ, డ్రైనేజీ కలిసిన బురద, కుండీల్లో వేయడానికి మాకు మనసొప్పలేదు. మట్టి సంగతి అడిగినవాళ్ళకు: రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక వంతు కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి. బకెట్టు అడుగున చిల్లులు మర్చిపోకండి. ఎండాకాలం గ్రీన్ నెట్ కట్టకపోతే మన బెజవాడ డాబాల మీద ఏదీ బతకదు.

ఇక రెండో పని బొంత.

మా పుట్టిల్లు తెనాలి దగ్గర. వేసవిలో మా అమ్మ, చుట్టుపక్కల ఆడవాళ్ళు అరుగు మీద బొంతలు కుట్టేవాళ్ళు. నాకు తొలిసారి సూది పట్టడం నేర్పింది ఆ అరుగే. ఆ తర్వాత మిషన్ వచ్చింది, షాపు వచ్చింది, చేతికుట్టు అంటే హెమ్మింగు, హుక్కులు మాత్రమే మిగిలాయి. ఆశ్వయుజంలో ఒక ఆదివారం వాన పట్టుకుంది, పైకి వెళ్ళే వీల్లేదు. బీరువాలోంచి రెండు పాత మంగళగిరి చీరలు తీశాను. ఉతికి ఉతికి మెత్తబడి, నిజాం అంచు తప్ప మిగతా రంగంతా వెలిసిపోయినవి. ఒక్కో చీరను సగానికి మడిచి ఒకదాని మీద ఒకటి పరిస్తే నాలుగు పొరలు, తొమ్మిదడుగుల పొడవు. చివర రెండడుగులు లోపలికి మడిచాను. మూలల మీద బరువు కోసం అత్తయ్యగారు రోకలి, కల్వం తెచ్చి పెట్టారు. ముందు పొరలు జరక్కుండా టాకాలు, అంటే పొడుగు కుట్లు వేసుకోవాలి, అదీ మధ్యలోంచి అంచుల వైపుకి. అంచు నుంచి మొదలుపెడితే లోపలి గుడ్డ జరిగి నడుమ గుట్టలా లేస్తుంది. ఆ తర్వాత బియ్యపు గింజంత కుట్టు, వరస వెంట వరస. షాపులో మిగిలిన పెడన కలంకారీ ముక్కలు, పోచంపల్లి ముక్కలు పైన అక్కడక్కడా అతికాను.

మిషన్ మీద అయితే ఒక పూటలో అయిపోయే పని. చేతితో ఏడు వారాలు పట్టింది. రాత్రి భోజనాలయ్యాక రెండు వరసలు, ఒక్కోరోజు ఒకటే. దారం గుడ్డలోంచి బయటికి వచ్చేటప్పుడు సన్నటి చప్పుడు వస్తుంది, ఫ్యాన్ ఆపితే వినిపిస్తుంది. ఆ చప్పుడు వింటూ ఉంటే ఊపిరి దానంతటదే నిదానిస్తుంది. పగలంతా కుట్టుపనే చేసి రాత్రి మళ్ళీ కుట్టడమేంటని మావారు అడిగారు. మగ్గం వర్క్ కూడా చేతిపనే, జాకెట్టూ కుట్టుపనే, నిజమే. కానీ ఆ పనికి ఒక తేదీ ఉంటుంది, ఒక ఫోన్ ఉంటుంది, ఒక ముహూర్తం ఉంటుంది. బొంతకు ఏ తేదీ లేదు. ఒక వరస వంకర పోతే విప్పి మళ్ళీ వేస్తాను, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

మొక్కలు, బొంత వచ్చాక బీపీ మాత్ర మానేశానని మాత్రం చెప్పను. రోజూ వేసుకుంటున్నాను, డాక్టర్ మానమనేదాకా వేసుకుంటాను. కానీ రాత్రి నిద్ర పడుతోంది. ఆగస్టు తర్వాత ఒక్క జాకెట్టు కూడా తప్పు కత్తిరించలేదు.

ఆ బొంత చూసి ఒక అక్క మూడు వేలు ఇస్తాను, నాకూ ఒకటి కుట్టిపెట్టమన్నారు. వద్దన్నాను, ఆవిడ కాస్త నొచ్చుకున్నట్టున్నారు. ఆ అక్క ఇది చదువుతుంటే ఒక మాట: మీ మీద లెక్కలేక కాదక్కా. దానికి రేటు పెట్టిన రోజు అది కూడా ఇంకో ఆర్డర్ అయిపోతుంది, మళ్ళీ ఆ చప్పుడు నాకు వినిపించదు. నేర్పమంటే మాత్రం సంతోషంగా నేర్పుతాను. శనివారం మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటి దాకా మా పైవసారాలో చాపలు పరుస్తున్నాం. మీ పాత నూలుచీరలు తెచ్చుకోండి. సూది, దారం, ముక్కలు నా దగ్గరున్నాయి. డబ్బు తీసుకోను.

ఇక షాపు సంగతులు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర వరకు, ఆదివారం సెలవు. రోజుకి ఎనిమిది జాకెట్లకు మించి తీసుకోను. అర్జెంటు ఆర్డర్లు పూర్తిగా ఆపేశాను. మగ్గం వర్కుకి ఇరవై రోజుల గడువు కావాలి. లైనింగ్ జాకెట్టు 450 నుంచి 500 చేశాను. ఎందుకో దాచకుండా చెబుతాను: మా దగ్గర పనిచేసే ఇద్దరమ్మాయిలకు గంటలు తగ్గాయి గానీ జీతం తగ్గించలేదు. ఇంత చేసినా నాకు నెలకి ఎనిమిది వేల దాకా ఆదాయం తగ్గింది. లోన్ వాయిదాలు వచ్చే జూన్ దాకా ఉన్నాయి. లెక్క వేసుకుంటే గుండె గుబేలుమన్న రోజులు ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. అయినా పదిహేను జాకెట్ల రోజులకు తిరిగి వెళ్ళను. ఆఫీసు నుంచి ఆరు దాటాక వచ్చేవాళ్ళకు ఇది ఇబ్బంది అని తెలుసు. మీరు పొద్దున వెళ్తూ మెట్ల దగ్గర అత్తయ్యగారి చేతికి ఇచ్చి వెళ్ళండి, కొలతల సంగతి తీరిగ్గా ఫోన్‌లో మాట్లాడుకుందాం. ఆది జాకెట్టు మీద మీ పేరు రాసిన చీటీ పిన్ను చేసి ఇస్తే మరీ మంచిది. ఇప్పుడు ఒక్కొక్కరిదీ విడి సంచిలోనే పెడుతున్నాను.

సంక్రాంతి ఆర్డర్లు జనవరి 3 వరకే తీసుకుంటాను. 12వ తేదీ లోపల అందరికీ ఇచ్చేస్తాను, భోగి ముందు రోజు రాత్రి ఎవరూ షట్టర్ దగ్గర నిలబడే అవసరం లేకుండా.

పాదు మీద ఒక బీరకాయను కోయకుండా ఎండనిచ్చాం. పీచులోంచి నల్లటి గింజలు గుప్పెడు వచ్చాయి. చిన్న కాగితం పొట్లాలు కట్టి కౌంటర్ మీద పెట్టాను, నాలుగేసి గింజలు. జాకెట్టు తీసుకెళ్ళేటప్పుడు ఒకటి తీసుకెళ్ళండి. ఒక రాత్రి నానబెట్టి, అంగుళం లోతున పెట్టండి. పువ్వులు రావడం మొదలయ్యాక పిందెలు రాలిపోతుంటే, సాయంత్రం ఆరింటికి పైకి వెళ్ళి చూడండి. ఎలా అద్దాలో తెలియకపోతే ఆ టైముకి నాకు ఫోన్ చేయండి, నేనూ డాబా మీదే ఉంటాను.