లవంగం ఉందా లేదా

అరేయ్ బక్కోడా,

తిట్టకు. నీ ఉత్తరం బతుకమ్మకు ముందే వచ్చింది, జవాబు ఇప్పుడు రాస్తున్నా. నాన్న మోకాలు పర్వాలేదు, చెల్లె బీఈడీ పరీక్షలు రాసేసింది, హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్ నువ్వు చూసినప్పటి కంటే అధ్వాన్నం. వార్తలు అయిపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మీ అక్కతో పంపావు చూడు, ఆల్‌స్పైస్ పొడి డబ్బా, అది దసరా నాడు మా ఇంట్లో పెద్ద పంచాయితీ పెట్టింది.

అమ్మ మూత తీసి వాసన చూసి, "లవంగం, దాల్చినచెక్క, జాజికాయ. గంతే. గరం మసాలకు డాలర్లు పోసిండా నీ దోస్తు?" అంది. కాదమ్మా, జమైకా దిక్కు ఒక చెట్టు ఉంటుంది, దాని కాయలు పచ్చిగా ఉండగానే తెంపి ఎండబెడితే గోధుమరంగుకు తిరుగుతాయి, వాటిని దంచిన పొడి ఇది, ఇంకేమీ కలపలేదు అన్నా. చూడటానికి మిరియాల్లా ఉంటాయని కొలంబస్ కూడా మిరియాలే అనుకున్నాడని చెప్పబోయా. "ఆయన సంగతి నాకెందుకు, మటన్ మాడుతది జరుగు" అంది.

సరిగ్గా అప్పుడే జమ్మి పెట్టడానికి గరిటె మామ వచ్చాడు. ఆయనేరా, మీ అక్క పెండ్లిలో "ఉప్పు తక్కువైంది" అన్నందుకు నీ ఇస్తరి దగ్గరికి బకెట్ రానివ్వని వంట మాస్టర్. (బగారా అన్నం అంటే నీకు ఇప్పటికీ ఆయన కాటన్ కండువానే గుర్తొస్తుందా?) చిటికెడు పొడి నాలుక మీద వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఇంటిల్లిపాదీ వంట వదిలేసి ఆయన మొహం చూస్తున్నాం. "లవంగం రెండు పాళ్లు. చెక్క ఒక పాలు. జాజికాయ ఉన్నది, మిరియం ఉన్నది. షాజీర లేదు" అని తీర్పు చెప్పాడు. ఒక్కటే కాయ మామా అంటే ఒకటే నవ్వు. ఫోన్‌లో ఫొటో చూపిస్తే, "ఫోన్ల ఏదన్న వస్తది. ఒక్కటే కాయ అని రుజువు చెయ్, మీ ఇంట్ల ఉత్తగనే బగారా వండి పెడ్త" అన్నాడు.

కరీంనగర్ రోడ్డు మీది నర్సరీలో ఆ మొక్క ఉందని నాకు తెలుసు. మర్నాడు మామను బండెక్కించుకుని పోయా. భుజమెత్తు మొక్క, మందంగా నిగనిగలాడే ఆకులు. ఒకటి తెంపి నలిపి ఆయన ముక్కు కింద పెట్టా. అరేయ్, ఆ మొహం నువ్వు చూడాల్సింది! ఒక్క మాట లేదు. ఇంకో ఆకు తెంపాడు, నమిలాడు, మూడోదానికి చెయ్యి పోతుంటే నర్సరీ అతను "పెద్దమనిషీ, కొనుక్కొని తిను" అన్నాడు. కాయలేవి అని అడిగితే, వీటిల్లో ఆడ చెట్లు, మగ చెట్లు వేరుగా ఉంటాయి, పూత వస్తే గాని తెలియదు, ఇక్కడ అందరూ బిర్యానీలో ఆకు కోసమే కొంటారు అన్నాడు.

కేయూ క్రాస్‌రోడ్డు దగ్గర టీ తాగే దాకా మామ నోరు విప్పలేదు. అప్పుడు మెల్లగా, "లవంగంల ఉండే నూనె దీంట్ల గూడ ఉంటదారా?" అని అడిగాడు. ఉంటుంది మామా, లవంగానికి ఆ వాసన ఇచ్చే యూజినాల్ అనేదే ఇందులోనూ ఎక్కువ అన్నా. గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "మరి? లవంగం ఉన్నదన్న, ఉన్నది. నా నాలుక తప్పు జెప్పలే. పందెం లేదు, బగారా లేదు!"

ఇది న్యాయమేనా? అమ్మ ఆయన వైపే. నీ తీర్పు కావాలి, లంచం తినకుండా చెప్పు. అయినా ఆదివారం వచ్చి బగారా వండాడులే, లవంగం, చెక్క మానేసి నర్సరీ నుంచి తెచ్చి మన కుండీలో పెట్టిన ఆ మొక్క ఆకులే వేసి. బాగుంది. కానీ పంటి కింద లవంగం పడని బగారా నాకెందుకో... సరే, అది తర్వాత.

పొడితో నేను కేక్ కూడా చేశా. ఓవెన్ ఎక్కడిది, కుక్కర్‌కు గ్యాస్కెట్, విజిల్ తీసి, అడుగున ఉప్పు పోసి. పావుకిలో పిండికి అర టీస్పూన్ పొడి, బెల్లం, క్యారెట్ తురుము. అర చెంచా దాటనివ్వకు, పంటి నొప్పి మందు వాసన వస్తుంది. మీ దగ్గర గుమ్మడికాయ పైలో వేస్తారట కదా, నువ్వు తిన్నావా? ఇక్కడ మనం ఆ తీగ ఆకుల మీద బతుకమ్మ పేరుస్తాం, అక్కడ మీరు కాయను... పో. జమైకా వాళ్ల జెర్క్ చికెన్ ఒకసారి చేయాలని ఉంది. ఈ పొడీ, ఘాటైన మిరపకాయా పట్టించి, ఆ చెట్టు కట్టెల మీదే కాలుస్తారట. కట్టెలు ఎలాగూ దొరకవు. మన చపాటా మిర్చి పెడదామంటే అది రంగుకే గాని ఘాటుకు కాదు. గుంటూరు రకం తేవాలి, గరిటె మామకు చెప్పకుండా.

నాన్న కింద హారన్ కొడుతున్నాడు, ఎనుమాముల మార్కెట్‌కు పోవాలి. ఈసారి పొడి వద్దురా, కాయలే పంపు, పొడి వాసన తొందరగా పోతుంది, ఇంకా మీ అక్క అడిగిన ఆ

వస్తున్నా నాన్నా! సరే, ఉంటా.

నీ
డబ్బా గాడు