కినోవా సరే, కొర్రలు నానబెట్టాలని ఎవరు చెబుతారు?

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో తక్కువ ఖర్చుతో ఆరోగ్యకరమైన, పర్యావరణానికి మేలు చేసే వంట అంటూ రెండు పేజీలు వేసి పది రోజులు దాటింది. వెంటనే రాస్తే కోపంలో రాసినట్టుంటుందని ఆగాను. ఆగినా తగ్గలేదు.

నలుగురున్న ఇంటికి ఖర్చు తగ్గించే దారి అని మొదలుపెట్టి కినోవా ఉప్మా, అవకాడో పచ్చడి, ఆలివ్ నూనె పోపు, బాదం పాలు! బొలీవియా, పెరూ కొండల్లో పండే గింజ ఓడెక్కి వచ్చి మన పొయ్యి మీద ఉడికితే అది పర్యావరణానికి మేలట. దాని కిలో డబ్బుకి కొర్రలు రెండు కిలోల పైనే వస్తాయి. చివర్లో దయతలచి "ఫింగర్ మిల్లెట్ కూడా వాడవచ్చు" అని ఒక ముక్క పడేశారు. రాగులు అనడానికి నోరు రాలేదా? శ్రీకాకుళం వైపు చోళ్ళంటారు, తెలంగాణలో తైదలంటారు. మూడు పేర్లున్న గింజకి నాలుగోది ఇంగ్లీషులో కావలసివచ్చింది!

మీ ఒక్కరినే అనడం ఎందుకు? 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది, అదీ మన దేశం అడిగితే. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో వాటికి 'శ్రీ అన్న' అని పేరు కూడా పెట్టారు. పేరుతోపాటు ధరా పెరిగింది. సభల్లో పెద్దలకు చిరుధాన్యాల బిస్కెట్లు పెట్టారు, వాటిలో సగం చక్కెర, మైదా. ఫ్లెక్సీలు దింపేశాక ఎవరూ ఆ ఊసెత్తలేదు. రేషన్ దుకాణంలో చాలాచోట్ల ఇప్పటికీ బియ్యమే. తెలంగాణలో 2025 ఉగాదికి సన్నబియ్యం మొదలుపెట్టారు, సంతోషమే. ఆ శ్రద్ధలో పావలా వంతు జొన్నల మీద పెట్టినా బాగుండేది. చిరుధాన్యాల పరిశోధన సంస్థ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉన్నాయి. రెండూ మన మధ్యనే ఉండి కూడా కొర్రలు ఎలా వండాలో చెప్పే కాగితం ఒక్కటి రేషన్ దుకాణం గోడ మీద కనబడదు.

జనం కొర్రలు ఒకసారి కొని మళ్ళీ ఎందుకు కొనరో తెలుసా? బియ్యంలా కడిగి వెంటనే ఎసట్లో పోస్తారు. పైన ముద్దవుతుంది, లోపల పలుకు మిగులుతుంది, తిన్నాక కడుపు ఉబ్బరిస్తుంది. మిగతా కొర్రలు డబ్బాలో పురుగు పడతాయి. చేయవలసింది చిన్న పని. కనీసం రెండు గంటలు, వీలైతే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు వంపేసి, గ్లాసుకి రెండున్నర గ్లాసుల నీళ్ళు పోసి సన్న సెగ మీద మూతపెట్టి ఉడికించాలి. దించాక పది నిమిషాలు మూత తీయకూడదు. చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి వేడిగా తినాలి, లేదా మజ్జిగలో కలపాలి. సామలూ ఇంతే. అరికెలకు ఇంకాస్త ఎక్కువ నానాలి. మరీ తెల్లగా మెరిసే కొర్రలు కొనవద్దు, పైపొర పాలిష్‌లో పోయినట్టే.

సజ్జపిండి నెలకు సరిపడా ఒకేసారి పట్టించవద్దు. అందులోని నూనె వల్ల కొద్దిరోజులకే చేదెక్కుతుంది, తప్పు సజ్జలది అనుకుంటారు. జొన్నపిండికి గోధుమపిండి జిగురు లేదు. చన్నీళ్ళతో కలిపితే రొట్టె అంచులు పగులుతాయి. మరిగే నీళ్ళు పోసి, గరిటెతో కలిపి, చెయ్యి ఓర్చుకునే వేడిలోనే బాగా మర్దించాలి. రాగిజావకు నాలుగు చెంచాల పిండిని ముందు ఒక గ్లాసు చన్నీళ్ళలో కలిపి, తర్వాత మరిగే మూడు గ్లాసుల నీళ్ళలో పోస్తూ తిప్పాలి. పిండిని నేరుగా వేడినీళ్ళలో వేసి, ఉండలు కట్టిందని రాగుల్ని తిడితే ఏం లాభం? సంగటికి దీనికి తిరగబడిన పద్ధతి: మెత్తగా ఉడికిన అన్నం మీద పిండి కుప్పగా పోసి, కలపకుండా, మూతపెట్టి అయిదారు నిమిషాలు సన్న సెగన ఉంచి, అప్పుడు తెడ్డుతో తిప్పాలి. రాయలసీమలో ఇది చంటిపిల్లలకు కూడా తెలుసు. పేజీలు నింపేవాళ్ళకు తెలియదు.

మీ వ్యాసంలో గ్యాసు ఊసే లేదు. పచ్చటి వంట అని పేరు పెట్టి గ్యాసు గురించి ఒక్క వాక్యం రాయకపోవడం ఎలా కుదిరింది? సిలికాన్ మూతలు కొనమన్నారు, ఉన్న ఇత్తడి మూత పెట్టమనలేదు. కందిపప్పు ముప్పావుగంట నానితే ఉడికే సమయం బాగా తగ్గుతుంది. కుక్కర్‌లో అడుగు గిన్నెలో పప్పు, పై గిన్నెలో బియ్యం పెడితే ఒకే మంటకు రెండూ అవుతాయి. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించాలి. పెద్దమంట మీద విజిళ్ళు లెక్కపెడితే ఆవిరికి డబ్బు కట్టినట్టే. కట్టేశాక ఆవిరి తనంతట తాను దిగేదాకా ఆగితే లోపల ఉడుకుతూనే ఉంటుంది. గరిటెతో విజిల్ ఎత్తేవాళ్ళు, కుళాయి కింద పెట్టేవాళ్ళు డబ్బిచ్చి కొన్న వేడిని పారబోస్తున్నారు. గ్యాస్కెట్ వదులైతే పక్కలనుంచి ఆవిరి పోయి విజిల్ రాదు, పప్పు ఉడకదు, ఇంతలో సిలిండర్ ఖాళీ. మంట పసుపుగా ఉండి గిన్నె అడుగు నల్లబడుతుంటే బర్నర్ రంధ్రాలు పూడాయని అర్థం.

పప్పు ఉడకలేదంటే షాపువాడు పాతపప్పు అంటగట్టాడని తిడతారు. అది కొంత నిజమే. కానీ చింతపండు ముందే వేస్తే ఏ పప్పయినా మెత్తబడదు, పులుపు దాన్ని బిగిస్తుంది. మా ప్రకాశం జిల్లాలో బోరునీళ్ళ కాఠిన్యం ఇంకో శని. పప్పు వరకైనా కుళాయి నీళ్ళో, వాననీళ్ళో వాడుకోవాలి. పులుపు కూరలు అల్యూమినియం గిన్నెలో వండకూడదని కూడా ఎవరూ రాయరు.

బీరపొట్టు సంగతి చెప్పకపోవడం మరీ అన్యాయం. లేత బీరకాయలు అరకిలో కొంటే చెక్కు పచ్చడి ఉచితం. సన్న సెగ మీద పచ్చివాసన పోయేదాకా వేపి, వేపిన మినప్పప్పు, ఎండుమిర్చి, కాస్త చింతపండుతో నూరడమే. మంట ఎక్కువైతే మాడి చేదెక్కుతుంది. ఆనపకాయ తొక్కు, ముల్లంగి ఆకు, కాలీఫ్లవర్ కాడ అన్నీ పనికొచ్చేవే. తోటకూర కడిగాక తరగాలి, తరిగాక కడగకూడదు. దించాక నిమ్మరసం పిండితే ఆకులోని ఇనుము ఒంటికి పడుతుంది. భోజనం మీద వెంటనే టీ తాగితే ఆ మేలు పోతుంది. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో టీ, కాఫీల మాట ఉంది. చదివిన అధికారి ఎవరో చెప్పండి.

రేషన్ బియ్యంలో కలిపిన బలవర్ధక గింజల సంగతి ఇంకా ఘోరం. మామూలు బియ్యం వందకు ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 ఉన్న గింజ కలుపుతూ వచ్చారు. అవి రంగు తేడాగా ఉండి, కొన్ని నీళ్ళలో తేలతాయి. ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేశారు. కోట్లు పెట్టి కలిపినవాళ్ళు, ఏరవద్దనే ఆ ఒక్క మాట డీలర్ చేత చెప్పించలేకపోయారా? బియ్యం రెండుసార్లు కడిగితే చాలు, గంజి వార్చకుండా అత్తెసరు పెడితే ఆ మేలంతా అన్నంలోనే ఉంటుంది.

ఇక రైతుబజార్లు. 1999లో రైతుకీ కొనేవాడికీ మధ్య దళారి ఉండకూడదని పెట్టారు. ఇప్పుడు చాలా దుకాణాల్లో కూర్చున్నది ఎవరో అందరికీ తెలుసు. పలచటి ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం వచ్చి ఏళ్ళయింది, కొత్తిమీర కట్ట మాత్రం ఇప్పటికీ కవర్లోనే వస్తుంది. అడిగితే "సంచి తెచ్చుకోలేదుగా అమ్మా" అంటారు, తెచ్చుకున్నా కవర్లో వేసే సంచిలో వేస్తారు. తొక్కలన్నీ తడిచెత్తగా వేరుచేసి ఇస్తే బండివాడు పొడిచెత్త మీదే కుమ్మరిస్తాడు. ఇంటింటికీ పంచిన మూడు రంగుల బుట్టల్లో ఇప్పుడు బియ్యం, ఉల్లిపాయలు పోసుకుంటున్నారంటే తప్పెవరిది? పెరడున్నవాళ్ళు రంధ్రాలు చేసిన పాతడ్రమ్ములో ఒక వంతు తడిచెత్తకు రెండు వంతుల ఎండాకులు వేసుకుంటే వాసన రాదు. ఎముకలు, నూనె ఉన్న కూర వేయకూడదు. అపార్ట్‌మెంటువాళ్ళకు ఆ డ్రమ్ము ఎక్కడ పెట్టాలో కూడా చోటు లేదు, అది వేరే ఉత్తరం.

వచ్చే ఆదివారం ఉలవచారు వేస్తున్నామని మీ పత్రికలోనే చూశాను. గ్లాసు ఉలవలకు ఆరు గ్లాసుల నీళ్ళు, రాత్రంతా నానాలి, కుక్కర్‌లో ఆరేడు విజిళ్ళ తర్వాత పావుగంట సన్న సెగన ఉంచాలి. ఉలవలు ఉడికిన ఆ నీళ్ళతో, అంటే కట్టుతో, చారు కాచుకోవాలి, ఉడికిన ఉలవలు గుగ్గిళ్ళకు, పొడికి. దయచేసి దాని మీద క్రీము పోయమని మాత్రం రాయకండి.

— ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా